వెనక నుంచి కొట్టే గాలి



మన జంషెడ్‌పూర్‌లో చిన్న విమానం చప్పుడు ఎవరికీ కొత్త కాదు. బారిడీహ్‌లో మేడ మీద వడియాలు ఎండబెట్టుకునే ఆడవాళ్లు కూడా తలెత్తి చూడకుండానే, సోనారీ నుంచి పిల్లలు ఎగురుతున్నారు అనేస్తారు. ఊరికి ఈ చివర మనం, ఆ చివర సోనారీ విమానాశ్రయం. సోనారీలో రన్‌వే చిన్నది. బోయింగులూ ఎయిర్‌బస్సులూ అక్కడ దిగలేవు. శిక్షణ విమానాలు, కంపెనీ విమానాలు, ఎన్నికల రోజుల్లో నాయకుల హెలికాప్టర్లు వస్తాయి. 2023లో ఉడాన్ పథకం కింద కోల్‌కతాకు తొమ్మిది సీట్ల సెస్నా క్యారవాన్ మొదలైనప్పుడు మన ఊరికీ విమానం వచ్చిందని సంబరపడ్డాం. 

మన తెలుగు కుటుంబాల సంగతి మీకు తెలిసిందే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి తాతలు వచ్చి టాటా కంపెనీలో చేరారు. తండ్రులు షిఫ్టులు చేశారు. ఇప్పుడు వాళ్ల పిల్లలు ఇంజినీర్లవుతున్నారు, డాక్టర్లవుతున్నారు, ఒకరూ అరా పైలట్ చదువుకూ వెళ్తున్నారు. బ్యాంకు అప్పు తీసుకుని, ఊళ్లో ఉన్న పొలం చెక్క అమ్ముకుని చదివించే చదువు అది. 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి బొంబాయికి ఒంటి ఇంజిన్ పస్ మోత్‌లో టపా మోసుకొచ్చిన జె.ఆర్.డి. టాటా పేరు పొద్దున లేస్తే వినపడే ఊరు మనది. పిల్లలకు ఆ ఆశ పుట్టకుండా ఎలా ఉంటుంది?

ఈ ఊళ్లో చిన్న విమానం మాట ఎత్తితే 2024 ఆగస్టు 20 కూడా గుర్తుకొస్తుంది. సోనారీ నుంచి లేచిన సెస్నా 152 చాండిల్ జలాశయంలో పడి గురువూ శిష్యుడూ ఇద్దరూ పోయారు. నీళ్లలో వెతకడానికి విశాఖపట్నం నుంచి నౌకాదళం వాళ్లు వచ్చారు. ఆ దుర్ఘటనకూ నేనివాళ చెప్పబోయేదానికీ సంబంధం లేదు. అయితే ఆ రోజు నుంచి చాలా ఇళ్లలో తల్లిదండ్రులకు ఆకాశం అంటే భయం పట్టుకుంది. నేల మీద ఏం భయం, చక్రాల మీదే కదా నడుస్తోంది అనుకుంటారు. నేను మాట్లాడదలచుకున్నది ఆ నేల గురించే. పెద్ద జెట్ విమానం వెనక నుంచి వచ్చే గాలి, పైలట్లు జెట్ బ్లాస్ట్ అనేది, చక్రాల మీద నిదానంగా పోతున్న చిన్న విమానాన్ని ఏం చేయగలదో చెప్తాను.

ముందు చిన్న విమానం ఎంత తేలికో చూడండి. సెస్నా 152లో ఇద్దరు పక్కపక్కన ఇరుక్కుని కూర్చుంటారు. మనుషులూ పెట్రోలూ అన్నీ కలిపి అది ఎగరడానికి అనుమతించిన గరిష్ఠ బరువు 757 కిలోలు. ఖాళీగా అయితే 500 కిలోలకు అటూ ఇటూ. రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకు పది మీటర్లు, ఇంజిన్ 110 హార్స్ పవర్. దీని పక్కన ఎయిర్‌బస్ ఎ320ని పెట్టండి. మన రాంచీలో రోజూ దిగేదే. దాని ఒక్కో ఇంజిన్ పూర్తి బలంతో తోస్తే సుమారు 12 టన్నుల తోపు. అవి రెండు. ఆ తోపంతా ఎక్కడి నుంచి వస్తోంది? ముందు నుంచి గాలిని పీల్చి వెనక్కి విసరడం వల్లే. విసిరిన గాలి ఎటుపోతుంది? వెనకున్నవాళ్ల మీదికే.

టేకాఫ్‌కు పూర్తి బలం ఇచ్చినప్పుడు ఆ గాలి ప్రభావం అర కిలోమీటరు దాకా ఉంటుంది. అది రన్‌వే మీద జరిగే పని. అందరూ జాగ్రత్తగానే ఉంటారు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది రన్‌వే దగ్గరికి చక్రాల మీద వెళ్లే దారి, ట్యాక్సీవే. ఇంజిన్ ఊరికే తిరుగుతూ ఉంటే గాలి కొన్ని పదుల మీటర్లలో చల్లారిపోతుంది. కానీ ఆగి ఉన్న అరవై డెబ్బై టన్నుల విమానాన్ని కదిలించాలంటే ఊరికే తిరిగే ఇంజిన్ చాలదు, కాస్త బలం ఇవ్వాలి. కదిలాక తగ్గిస్తారు. ఆ కొద్ది క్షణాల్లో వెనక్కి కొట్టే గాలి తుఫాను గాలితో సమానం. వంపు తిరుగుతూ మధ్యలో ఆగిపోయి మళ్లీ కదిలితే ఇంకా ఎక్కువ బలం కావాలి. ఇంధనం ఆదాకని ఒకే ఇంజిన్ మీద ట్యాక్సీ చేస్తే రెండు చేయాల్సిన పని ఒకటే చేయాలి కాబట్టి ఆ ఒక్కదాని వెనక గాలి ఇంకా గట్టిగా కొడుతుంది. పైగా వంపు తిరిగేటప్పుడు తోక పక్కకు ఊడ్చుకుంటూ వస్తుంది. నేను దాని వెనక లేను, పక్కన ఉన్నాను అనుకున్న చిన్న విమానం నాలుగు క్షణాల్లో సరిగ్గా వెనక ఉంటుంది.

దీనికి తోడు పెద్ద విమానం పైలట్‌కు వెనకేముందో కనిపించదు. ఎ320 పొడవు 37 మీటర్ల పైన. ఆయన ముక్కు దగ్గర కూర్చుంటాడు. తన గాలి ఎవరి మీద పడుతోందో ఆయన చూసి తెలుసుకునే వీలు లేదు.

ఇప్పుడు కొంచెం లెక్క. భయపడకండి, మన బళ్లో చెప్పిన పాఠమే. గాలి తోసే బలం దాని వేగం పెరిగినంతే పెరిగి ఊరుకోదు, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు. ఏప్రిల్, మే నెలల్లో కాల్‌బైశాఖి లేచినప్పుడు చేతిలో గొడుగు ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. మామూలు గాలికి ఆగిన గొడుగు ఒక్క విసురుకు తిరగబడి చేతిలోంచి ఊడిపోతుంది. సెస్నా 152 రన్‌వే మీద పరుగెత్తి 50 నాట్ల వేగంలో, అంటే గంటకు 93 కిలోమీటర్ల దగ్గర, ముక్కు ఎత్తుతుంది. అంటే ఆ వేగంతో ఎదురుగా గాలి తగిలితే ఆ రెక్కలు మొత్తం విమానాన్నీ మోయగలవన్నమాట. విమానం నిలబడి ఉందా, పరుగెత్తుతోందా అన్నది రెక్కకు తెలియదు. దానికి తగిలే గాలే తెలుసు. అందులో సగం, గంటకు 46 కిలోమీటర్ల గాలి తగిలినా బరువులో నాలుగో వంతు తేలిపోతుంది. అది రెండు రెక్కల మీదా సమంగా పడితే ఫరవాలేదు. ఒక పక్క నుంచి వచ్చి ఒక్క రెక్కనే లేపితే? ఆ విమానం రెండో రెక్క మీదికి ఒరుగుతుంది, ప్రొపెల్లర్ నేలను తాకుతుంది, ఒక్కోసారి బోర్లా పడుతుంది. సెస్నా 152 తయారీదార్లు అడ్డగాలిలో దింపి చూపించిన హద్దు 12 నాట్లు మాత్రమే, గంటకు 22 కిలోమీటర్లు. జెట్ వెనక గాలి ముందు ఆ అంకె ఎంత?

ఇది ఊహ కాదని చెప్పడానికి రెండు సంగతులు. 2017 జులైలో ఢిల్లీ విమానాశ్రయంలో ప్రయాణికులను విమానం దగ్గరికి తీసుకెళ్తున్న బస్సు అద్దం పక్కనే కదిలిన విమానం గాలికి పగిలిపోయింది, లోపల ఉన్న కొందరికి గాయాలయ్యాయి. బస్సు ఎన్ని టన్నులుంటుందో మీరే ఆలోచించండి. అదే నెల 12న కరీబియన్ దీవుల్లో సెయింట్ మార్టెన్ అనే చోట రన్‌వే చివర కంచె పట్టుకుని, టేకాఫ్ అవుతున్న 737 గాలిని అనుభవించాలని నిలబడిన 57 ఏళ్ల న్యూజిలాండ్ పర్యాటకురాలిని ఆ గాలి ఎత్తి విసిరేసింది. ఆవిడ ప్రాణం పోయింది. అక్కడ హెచ్చరిక బోర్డు ఉంది. చూడటానికి సరదాగా కనిపించే గాలే అది.

మన తెలుగు రాష్ట్రాల్లో జెట్లూ చిన్న విమానాలూ కలిసి తిరిగే ఇరుకు ఎక్కువగా తెలిసిన చోటు హైదరాబాద్ బేగంపేట. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచేదాకా ఊరి మధ్యనున్న ఆ ఒక్క రన్‌వే మీదే దేశవిదేశాల జెట్లూ దిగేవి, ఫ్లయింగ్ అకాడమీ పిల్లల సెస్నాలూ లేచేవి. అక్కడ పెరిగిన పైలట్లకు జెట్ వెనక ఎంత దూరంలో ఆగాలో పుస్తకం చెప్పక ముందే ఒంటికి తెలిసిపోయేది. పొద్దుటి పూట వరసలో ముందు ఒక బోయింగు, వెనక తాము. గురువు పక్కన కూర్చుని ఇంకా ఆగు, ఇంకా ఆగు అంటుండగా నేర్చుకున్నారు. ప్రయాణికుల జెట్లన్నీ శంషాబాద్ వెళ్లిపోయాక బేగంపేట శిక్షణ విమానాలకు ప్రశాంతమైంది. ఆ ప్రశాంతత మంచిదే. కాకపోతే దానితోపాటు ఒక పాఠం కూడా పోయింది.

సోనారీలో ఆ పాఠం మొదటి నుంచీ లేదు. నా బాధంతా అదే. పెద్ద జెట్లు రాని ఊళ్లో నేర్చుకున్న పిల్లలకే జెట్ గాలి ప్రమాదం ఎక్కువ. కమర్షియల్ పైలట్ లైసెన్సు కావాలంటే మన దేశంలో 200 గంటలు ఎగరాలి. అందులో 300 నాటికల్ మైళ్లకు తగ్గని ఒక దూర ప్రయాణం ఉండాలి, దారిలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో పూర్తిగా దిగి ఆగాలి. అంటే సోనారీ పిల్ల ఎప్పుడో ఒకప్పుడు పెద్ద విమానాశ్రయంలో ఒంటరిగా దిగాల్సి రావచ్చు. అప్పటికి ఆ పిల్ల ఇంజిన్ ఆగిపోతే ఏం చేయాలో వందసార్లు చేసి ఉంటుంది. ఎయిర్‌బస్ వెనక నుంచి ఎలా పోవాలో ఒక్కసారీ చేసి ఉండదు.

మా వీధిలో ఒక అమ్మాయి ఇలా తొలిసారి పెద్ద విమానాశ్రయానికి వెళ్లొచ్చింది. నా దగ్గర ఫిజిక్స్ చదువుకున్న పిల్ల. సాయంత్రం మా అరుగు మీద కూర్చుని చెప్పింది.

"మాస్టారూ, ముందు వాసన వచ్చిందండి. కిరోసిన్ వాసన. తర్వాత తలుపు సందుల్లోంచి ఈల. అప్పుడు చేతిలో యోక్, స్టీరింగ్ లాంటిదండి, దానంతట అది అటూ ఇటూ కొట్టుకుంది. నేను తిప్పలేదు."

"నువ్వేం చేశావమ్మా?"

"గట్టిగా పట్టుకుని బ్రేకు మీద కాలు పెట్టి ఆగిపోయానండి. అది వెళ్లిపోయింది. గాలి గొట్టం చూస్తే నిశ్చలంగా ఉంది మాస్టారూ, గాలే లేనట్టు."

ఆ చివరి మాటలో చాలా ఉంది. విమానాశ్రయంలో గాలి ఎటు వీస్తోందో చూపే గాలి గొట్టం, టవర్ చెప్పే గాలి వేగం, అన్నీ దేవుడిచ్చిన గాలినే చెప్తాయి. జెట్ ఊదే గాలి ఏ సూచికలోనూ పడదు. కంటికీ కనపడదు. ఇంజిన్ వెనక గాలి వేడికి అలలుగా కదలడం కనిపిస్తుందంటారు. మే నెలలో మన జార్ఖండ్ ఎండకు విమానాలు నిలిపే ఏప్రన్ మొత్తం అలాగే కదులుతుంది, దాన్ని నమ్ముకుంటే లాభం లేదు.

నమ్మదగిన గుర్తు ఒకటుంది. పెద్ద విమానం పొట్ట కిందా వీపు మీదా ఎర్రగా మెరిసే దీపం ఉంటుంది, బీకన్ అంటారు. ఇంజిన్ వేయబోయే ముందు దాన్ని వేస్తారు, ఇంజిన్ పూర్తిగా ఆగాకే తీసేస్తారు. నిలబడి ఉన్న విమానమే కదా అని వెనక నుంచి పోబోయే ముందు ఆ దీపం వెలుగుతోందా లేదా చూడాలి. వెలుగుతుంటే ఆ ఇంజిన్ ఏ క్షణంలోనైనా ఊదుతుంది.

టవర్ వాళ్లు హెచ్చరిస్తారు. కాషన్ జెట్ బ్లాస్ట్ అని అంతర్జాతీయంగా ఒప్పుకున్న మాట ఉంది. ప్రొపెల్లర్ విమానం వెనకైతే కాషన్ స్లిప్‌స్ట్రీమ్ అంటారు. ఆ హెచ్చరిక ఎంత దూరం ఆగాలో, ఆ గాలి ఎంత గట్టిదో చెప్పదు. టవర్‌లో కూర్చున్నాయన పని విమానాలు ఒకదానికొకటి తగలకుండా నడపడం. ఈ చిన్న విమానం ఎంత గాలికి ఓర్చుకుంటుందో తెలిసింది అందులో కూర్చున్నవాళ్లకే. అందుకే ఆ నిర్ణయం వాళ్లదే. ఎయిర్‌బస్ వెనక నుంచి దాటి వెళ్లమని టవర్ చెప్పినా, పైలట్ వెళ్లలేను, ఆగుతాను అనవచ్చు. నిబంధనలు ఇచ్చిన హక్కు అది. అనేబుల్ అని ఒక్క మాట అంటే చాలు. కానీ పంతొమ్మిది ఇరవై ఏళ్ల పిల్లకు, తొలిసారి వచ్చిన విమానాశ్రయంలో, వెనక రెండు పెద్ద విమానాలు వరసలో ఉన్నప్పుడు, రేడియోలో పెద్దాయన గొంతు తొందరగా వినిపిస్తుంటే, ఆ ఒక్క మాట అనడం ఎంత కష్టమో ఆలోచించండి. పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదని మనమే పెంచాం.

ఆ మాట అనడం కూడా నేర్పాల్సిందే. ఫ్లయింగ్ స్కూళ్లలో గురువులు శిష్యులను కూర్చోబెట్టి, నేను టవర్‌ని, నువ్వు పైలట్‌వి, ఇప్పుడు నేను వెళ్లమంటాను, నువ్వు ఆగుతానని చెప్పు అని సాధన చేయించాలి. ఖర్చు లేని పని. ఒక చుక్క పెట్రోలు కూడా అక్కర్లేదు.

ఇక చేతుల పని. సెస్నాలో స్టీరింగ్ లాగా ఉండే యోక్‌ను తిప్పితే రెక్క చివర ఉన్న ఎలెరాన్లు లేస్తాయి, దిగుతాయి. ముందుకు నెడితే తోక మీది ఎలివేటర్ దిగుతుంది. ఇవి ఆకాశంలోనే పని చేస్తాయని చాలామంది అనుకుంటారు. నేల మీద కూడా గాలి తగిలితే పని చేస్తాయి. గాలి ఎడమ ముందు పక్క నుంచి వస్తుంటే యోక్‌ను ఎడమకు తిప్పాలి. అప్పుడు ఎడమ ఎలెరాన్ పైకి లేచి ఆ రెక్కను నేలకు అదుముతుంది. గాలి వెనక పక్క నుంచి వస్తుంటే మొత్తం తలకిందులు. గాలికి దూరంగా తిప్పాలి, ముందుకు నెట్టాలి. ఎందుకంటే వెనక నుంచి వచ్చిన గాలి తోక కింద దూరి ఎత్తేయబోతుంది. ఆ పూట గట్టిగా బ్రేకు కొట్టడమూ, ఇంజిన్ ఒక్కసారిగా పెంచడమూ, చురుగ్గా మలుపు తిప్పడమూ పనికిరావు. మూడు చక్రాల మీద నిలబడ్డ ఎత్తు రెక్కల విమానం ముక్కు చక్రం మీదికి, రెక్క మీదికి ఒరిగేది అప్పుడే. వెళ్లే వేగం మనిషి నడకను మించకూడదు. జెట్ వెనక ఆగక తప్పకపోతే వీలైనంత దూరంలో, ముక్కు ఆ గాలికి ఎదురుగా ఉండేలా ఆగడం నయం. పడదోసేది పక్క గాలీ, వెనక పక్క గాలీ.

నిలిపి ఉంచిన విమానం సంగతి కూడా మరవకండి. మనిషి లేడు కదా అని తాళ్లు కట్టకుండా, యోక్‌కు లాక్ పెట్టకుండా టీకి వెళ్తే, హెలికాప్టర్ ఒకటి దిగితే చాలు. దాని గాలి కిందికి కొట్టి నాలుగు వైపులా పరుచుకుంటుంది. ఎలెరాన్లు కొట్టుకుని కీళ్లు దెబ్బతింటాయి. తర్వాత ఎగిరేవాళ్లకు ఆ సంగతి తెలియకపోవచ్చు. తలుపు తీసి పట్టుకుని నిలబడినా అంతే. గాలి ఆ తలుపును లాగేసుకుంటుంది. ఇది సోనారీలో కూడా జరగగల విషయం.

పెద్ద విమానాల వాళ్ల మీదా బాధ్యత ఉంది. ఎక్కడ ఎంత బలం ఇవ్వాలో వాళ్ల పుస్తకాల్లో రాసే ఉంటుంది. అయినా ముందున్న విమానం కదిలిందని తొందరగా బలం ఇచ్చేసేవాళ్లుంటారు. వెనక సెస్నా ఉందని టవర్ వాళ్లు పెద్ద విమానానికి కూడా చెప్పాలని నా అభిప్రాయం. హెచ్చరిక ఎప్పుడూ చిన్నవాడికే అందుతుంది. వెనక శిక్షణ విమానం ఉందన్న ఒక్క మాట ముందున్న ఎయిర్‌బస్ చెవిన పడితే ఆయన చెయ్యి థ్రాటిల్ మీద నెమ్మదిస్తుంది. ఆయన కూడా ఒకప్పుడు సెస్నాలో మొదలుపెట్టినవాడే కదా.

మన ఊరికి అరవై కిలోమీటర్ల దూరంలో ధాల్‌భూమ్‌గఢ్‌లో పెద్ద విమానాశ్రయం కట్టాలని 2019లో ఒప్పందం జరిగింది. అడవి అనుమతుల దగ్గర ఆ పని చిక్కుకుంది. అది ఏనాటికి వచ్చినా రాకపోయినా మన పిల్లలు రాంచీలో, కోల్‌కతాలో, భువనేశ్వర్‌లో జెట్ల మధ్య చక్రాల మీద నడవక తప్పదు. కాబట్టి తొలి దూర ప్రయాణానికి పంపే ముందే ఒక్క రోజు, గురువు పక్కన ఉండగా, పెద్ద విమానాశ్రయంలో జెట్ల వరసలో ఆగడం, దాటడం చేయించి లాగ్‌బుక్‌లో రాయించాలని నేను కోరుతున్నాను. ఒంటరిగా ఎదురయ్యే ముందు ఆ గాలిని గురువు పక్కన ఉండగా ఒకసారి చూసి ఉండాలి.

మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ ఈ చదువు చదివే పిల్లలుంటే ఇవాళ రాత్రి అన్నం దగ్గర ఒక ప్రశ్న అడగండి. నేల మీద పోతున్నావు, ఎడమ వెనక పక్క నుంచి గాలి కొట్టింది, నీ చేతులు ఎటు పోతాయి అని. నోటితో చెప్పనివ్వకండి. చేతులు ఎత్తి చూపించమనండి. కుడికి తిప్పి ముందుకు నెట్టాలి. ఆలోచించుకుని చూపిస్తే రేపు మళ్లీ అడగండి, ఎల్లుండి కూడా అడగండి. గాలి తగిలినప్పుడు ఆలోచించుకునే వ్యవధి ఉండదు.